ఎదురొచ్చిన ఉల్లంకి

టిక్. టిక్‌టిక్. టిక్.

ఇటలీలో తుపాకులు చేసే లోయలో, గర్దోనే ఊళ్లో మేల్లా ఏటి ఒడ్డున ఆ ఇంటి మెట్లెక్కుతుంటే ముందు ఈ చప్పుడే వినిపిస్తుంది. వాన వెలిశాక చూరు చివర ఆగిపోయిన చినుకుల్లా ఒకటి రాలుతుంది, కాసేపు ఆలోచించుకుంటుంది, ఇంకొకటి రాలుతుంది. ఆ తర్వాతే మనిషి కనిపిస్తుంది. కిటికీ పక్కన బల్ల, తెల్లజుట్టు ముడి, నుదుటికి తగిలించుకున్న భూతద్దం, చేతిలో వేలెడంత సుత్తి. దెల్ఫీనా.

ముప్పై ఒక్క ఏళ్లు ఆమె బడిపిల్లలకు వండిపెట్టింది. ఆ పని నుంచి దిగిపోయిన రోజున జ్ఞాపకంగా ఇంటికి తెచ్చుకున్న పెద్ద గరిటె మీదే మొదటి ఆకు చెక్కింది.

"ఆకా ఇది? బల్లి అనుకున్నాను" అన్నాడు భర్త బొర్తొలో.

మూడేళ్లలో ఆ ఇంట్లో నున్నటి చెంచా ఒక్కటీ మిగల్లేదు. సూప్ తాగుతుంటే నాలుకకు తీగలు తగిలేవి. మంగళవారం మధ్యాహ్నాలు చర్చి పక్కనున్న హాల్లో ఎర్మేతే మాస్టారు నగిషీ నేర్పేవాడు. ఎనభై దాటిన మనిషి. ఆయన చెక్కిన తుపాకులు రాజుల ఇళ్లల్లో ఉన్నాయని ఆయనే చెప్పేవాడు. అరవై నాలుగేళ్ల దెల్ఫీనాని "వంటమ్మాయ్" అని పిలిచేవాడు.

"మాస్టారూ, తుపాకి మీద ఎప్పుడు చెక్కనిస్తారు?"

"నీ గరిటెలు అయిపోనీ వంటమ్మాయ్. ఆ తర్వాత మూకుళ్లున్నాయిగా!"

ఆమెకు అంత వ్యవధి లేదు.

బొర్తొలో నలభై ఏళ్లు తుపాకుల కార్ఖానాలో ఆకురాయి పట్టినవాడు. తన వేట తుపాకి తానే చేసుకున్నాడు. దాని రెండు పక్కలా ఉండే ఉక్కు పలకలు మాత్రం నగిషీ కోసమని, కాల్చి గట్టిపరచకుండా మెత్తగా, ఖాళీగా వదిలేశాడు. ఈ ఏడు, వచ్చే ఏడు అనుకుంటూనే ముప్పై శరత్తులు గడిచాయి. బొర్తొలోది బోసిమెడ తుపాకి అని వేటగాళ్లు నవ్వేవారు. నిరుడు అతని చూపు నట్టనడుమ ఒక మసక మచ్చ పడింది. దేన్ని నేరుగా చూస్తే అది మాయమవుతుంది. తల పక్కకు తిప్పి కంటి కొసతో చూస్తే మళ్లీ వస్తుంది. మచ్చ పెరుగుతుందని, చలికాలం దాటాక ఎంత చూపు మిగులుతుందో చెప్పలేమని డాక్టరు అన్నాడు.

ఆ చలికాలం రాకముందే బొర్తొలో తన తుపాకిని నగిషీతో చూడాలి. దెల్ఫీనాకి కావలసింది అదొక్కటే.

మాస్టారికి చెప్పకుండా మొదలుపెట్టింది. కుడి పలక మీద కుక్క. ఎడమ పలక మీద అడవి ఉల్లంకి, నవంబరులో రాలిన ఆకుల రంగేసుకుని దిగే ఆ పొడుగుముక్కు పిట్ట. బొర్తొలోకి ప్రాణం. కుక్క వేసవికల్లా బాగానే కుదిరింది. ఇక పిట్ట.

కాగితం మీద గీసిన బొమ్మను ఉక్కు మీదికి బోర్లించి రుద్దితే కుడి ఎడమవుతుంది. అందుకే పల్చటి కాగితం వెనకవైపు మరోసారి గీసుకుని, ఆ వైపు బోర్లించాలి. మొదటి మంగళవారం నేర్చుకునే పాఠం అది. కానీ ఆ ఉదయం బొర్తొలో కాఫీని కప్పు పక్కన, బల్ల మీద, నింపాదిగా పోసుకున్నాడు. పోశాననుకుని ఖాళీ కప్పు ఎత్తి పెదాలకు ఆనించుకున్నాడు. ఆమె బల్ల తుడిచి, కిటికీ దగ్గరికెళ్లి, చేతికందిన కాగితాన్ని అందిన వైపునే బోర్లించింది.

చేత్తో తోసే సన్న ఉలికి చప్పుడుండదు. ఆరు వారాలు ఆ ఇల్లు మౌనంగా ఉంది. కదలకుండా బిగించిన లక్కలో పలక అంచులన్నీ మునిగి, భూతద్దం కింద ఒక్క పిట్టే లోకమైంది. ఒక్కో ఈక. ఈక మీద ఒక్కో చుక్క. ఊపిరి బిగబట్టి ఒక చుక్క, వదిలి ఇంకో చుక్క. పలక ఏ వైపుదో, పిట్ట ఎటు పోతోందో ఆమెకు తట్టనే లేదు.

అక్టోబరు చివర్లో పలకను లక్కలోంచి ఊడదీసి భర్త చేతిలో పెట్టింది. అతను వేళ్లతో తడుముకుంటూనే దాన్ని తుపాకికి పెట్టి మరలు బిగించాడు, ఆ పనికి అతనికి కళ్లక్కర్లేదు. తుపాకిని కిటికీ వెలుగులోకి ఎత్తి, తల పక్కకు తిప్పి, కొసచూపుతో చాలాసేపు చూశాడు. తర్వాత బొటనవేలితో తడిమాడు.

"దెల్ఫీనా, ఈ పిట్ట నా మీదికొస్తోందే!"

అప్పుడు చూసింది. కుక్క గొట్టం మూతి వైపు పరిగెడుతోంది. ఉల్లంకి మాత్రం మూతిని వెనక వదిలేసి, మడమ వైపు, తుపాకి పట్టినవాడి చెంప మీదికి ఎగిరొస్తోంది. ఆమె రెండు చేతుల్లో ముఖం దాచుకుంది.

మర్నాడు తనే మాస్టారిని పిలుచుకొచ్చింది. ఎర్మేతే కళ్లద్దాలు మార్చి మార్చి చూశాడు.

"ఈకలు ఎవరు చెక్కారు?"

"నేనే మాస్టారూ."

"అబద్ధం." మళ్లీ చూశాడు. "చేతికి ఈకలొచ్చాయి గానీ తలకి దారి రాలేదు వంటమ్మాయ్. మా తాతల నాటినుంచి ఈ లోయలో పిట్టలు తుపాకికి భయపడి పారిపోతున్నాయి. నీ పిట్ట ఒక్కటే వేటగాణ్ణి వేటాడుతోంది! రాకేసెయ్. నున్నగా రాకి మళ్లీ మొదలుపెట్టు."

"మళ్లీ అంటే చలికాలం వచ్చేస్తుంది."

"రానీ."

"అప్పటికి ఇతను..." ఆమె భర్త వైపు చూసింది. అయినా ఆకురాయి అందుకుంది. తప్పు కళ్లెదుట ఉంటే దానితో కాపురం చేసే మనిషి కాదామె. బడిలో ఉప్పెక్కువైన సూప్‌ని గిన్నెలకు గిన్నెలు పారబోసిన మనిషి.

బొర్తొలో తుపాకిని చంకలో ఇరికించుకున్నాడు. "ఎవరి తుపాకి ఇది? దీని జోలికొస్తే ఊరుకోను."

"నీకు నామోషీ కదయ్యా! వేటగాళ్లంతా నవ్వుతారు."

"నవ్వనీ. నలభై ఏళ్లు ఉల్లంకుల వెనక తిరిగాను. ఒక్కదాని ముఖమన్నా చూశానా? అన్నీ తోకలే చూపించాయి. ఇప్పుడు కొసకంటితో చూస్తుంటే ఒకటి నా వైపొస్తోంది. దీన్నీ తరిమేస్తావా?"

పొయ్యి మీద పొలెంతా, ఆ లోయవాళ్ల మొక్కజొన్న సంకటి, బుడగలు కక్కుతోంది. దెల్ఫీనా చేతిలోని ఆకురాయిని ఓసారి చూసుకుంది. తర్వాత దాన్ని సొరుగులో పెట్టి సొరుగు మూసింది.

ఎర్మేతే గొంతు సవరించుకున్నాడు. "సరే, ఉంచుకోండి. కానీ కింద నీ పేరు చెక్కు. లేకపోతే ఈ పని నాదే అనుకుంటారు, చచ్చినా నాకు శాంతి ఉండదు."

సరదాకి నేర్చుకునేవాళ్లు తుపాకి మీద పేరు చెక్కడం ఆ లోయలో లేదు. పేరు చెక్కు అని ఎర్మేతే ఎవరితోనూ అన్నట్టు కూడా ఎవరూ వినలేదు. అది తిట్టో దీవెనో తేల్చుకోలేక ఆమె ఆయన ముఖంలోకి చూసింది. ఆయన అప్పటికే టోపీ పెట్టుకుని మెట్లు దిగుతున్నాడు.

ఆ మధ్యాహ్నం సుత్తి చప్పుడు మళ్లీ మొదలైంది. టిక్. టిక్‌టిక్. పిట్ట కాళ్ల కింద గడ్డిపరకంత అక్షరాలు. బొర్తొలో కళ్లు మూసుకుని విన్నాడు.

ఇదంతా ఆమె నోట చెప్పించుకుని, రాసుకుంటానని లేచిన నన్ను దెల్ఫీనా మెట్లదాకా సాగనంపింది. భూతద్దం నుదుటి మీదికి నెట్టుకుని అంది:

"రాస్తే రాసుకో నాయనా. పిట్టని మాత్రం సరిచెయ్యకు. ఎటొస్తోందో అటే రానీ."