తెర పక్కన నేను చెప్పిన ఉత్తరం

మా వదిన దేవుడి అలమరలో వెంకటేశ్వరస్వామి పక్కన ఫ్రేము కట్టిన ఒక మీసాల సోవియట్ నియంత బొమ్మ ఉంది. ఆయన్ని అక్కడికి చేర్చిన యుద్ధకాలపు సినిమాను శనివారం సిడ్నీలో ఒక యూనివర్సిటీ వాళ్ళు ఉచితంగా వేస్తున్నారని తెలిసి ఇద్దరం బయలుదేరాం.

మా ఇంటి దగ్గర పారమట్టాలో 10.14 రైలు, రెండు నిమిషాలు ఆలస్యం. ఇక్కడి రైలు పెట్టెకి రెండంతస్తులు; పెద్దవాళ్ళు పై అంతస్తు ఎక్కకండి, మెట్లు ఇరుకు. ఎదుటి సీట్లో కరీంనగర్ నర్సు, డ్యూటీకి వెళ్తోంది.

"వీకెండ్‌ల ఎటు పోతున్నరు ఆంటీ?"

"మా అన్నయ్యని యుద్ధం నుంచి వెనక్కి తెచ్చినాయన సినిమాకమ్మా," అంది వదిన.

"సూపర్ ఆంటీ! ఆయన మీ రిలేటివా?"

నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఆ నమ్మకానికి మూలం నేనే.

నా పద్దెనిమిదో ఏట బెజవాడలో సోవియట్ సినిమాలు పేటపేటకూ తెచ్చి వేసేవారు. ఆ నియంత పోయాక వాళ్ళ దేశంలో అటకెక్కించిన ఈ సినిమా మా దగ్గర ఇంకా తిరుగుతూనే ఉంది. రష్యన్ ఎవరికీ రాదు కనక, తెర పక్కన మైకు పట్టుకుని నేను తెలుగులో చెప్పేదాన్ని. నాకిచ్చిన కథ రెండు పేజీలు, సినిమా రెండు గంటలు. మిగిలినదంతా నేనే నింపాను.

అప్పట్లో వదిన అన్నయ్య సరిహద్దులో ఉన్నాడు. నెలన్నరగా కబురు లేదు. తెర మీద ఆ మీసాల నాయకుడు దీపం ముందు ఏదో రాస్తున్నాడు. ముందు వరసలో వదిన ఏడుస్తోంది. "ఒక సిపాయి తల్లికి స్వయంగా ఉత్తరం రాస్తున్నాడు. అమ్మా, నీ బిడ్డ క్షేమం," అనేశాను. వారం తిరక్కుండా అన్నయ్య ఉత్తరం వచ్చింది. నాయకుడు అలమర ఎక్కాడు.

11.30కి ఆట మొదలైంది. హాల్లో చలి, శాలువా తీసుకెళ్ళండి. నాయకుడు పంతొమ్మిదిసార్లు పైపు ముట్టించాడు. ఏడుగురు సేనానులు మ్యాపు ముందు తికమకపడుతుంటే ఆయన వేలు పెట్టిన చోటల్లా శత్రువు ఓడిపోయాడు. రెండు గంటల్లో అన్నం తిన్న సిపాయి ఒక్కడూ కనిపించలేదు.

దీపం వచ్చింది, కలం వచ్చింది. ఈసారి కింద ఇంగ్లీషు అక్షరాలు కూడా వచ్చాయి: వెనకడుగు వేసినవాణ్ణి అక్కడికక్కడే కాల్చేయండి.

వదినకు ఇంగ్లీషు రాదు. మోచేత్తో పొడిచింది. "ఉత్తరమేగా? చదివి చెప్పు."

పాత అబద్ధం నోటి దాకా వచ్చింది. "బయటికెళ్ళాక చెప్తా," అన్నాను.

1.52 తిరుగు రైల్లో ఉన్నదున్నట్టు చెప్పేశాను. స్ట్రాత్‌ఫీల్డ్ స్టేషన్లో వదిన నా వైపు తిరిగింది.

"అరవయ్యేళ్ళు దీపం పెట్టానే, వాడికి!"

"తప్పు నాదే వదినా."

"మరి మా అన్నయ్య క్షేమమని నీకెలా తెలిసింది?"

"తెలీదు. నువ్వు ఏడుస్తుంటే చూడలేకపోయాను."

వదిన కళ్ళజోడు తుడుచుకుంది.

"ఇంటికెళ్ళగానే ఆ బొమ్మ తీసేస్తా. ఫ్రేము మాత్రం గట్టిది, పారెయ్యను. నీ ఫోటో ఒకటియ్యి."

"నేనింకా బతికే ఉన్నాను వదినా!"

"దండ వెయ్యన్లే."

2.21కి పారమట్టాలో దిగాం. సినిమా చూడదగ్గదే, కింది అక్షరాలు చదవగలిగిన వాళ్ళకి. ఫోటో ఇవ్వనని కచ్చితంగా చెప్పాను. ప్లాట్‌ఫారం మీద నడుస్తూ వదిన వేళ్ళు జానెడు చాపి ఫ్రేము కొలత చూపిస్తూనే ఉంది.