ఎవరో ఇచ్చిన ఊపిరి

సోమందేపల్లె హైవే పక్కన బెంగళూరు బస్సు కోసం కాచుకున్న రోజది. మేం నలుగురైదుగురం షెల్టర్ నీడలో ఉంటే, ఒకామె మాస్కు కట్టుకుని ఎండలోనే నిలబడి ఉంది. ముప్పై ఏళ్లుంటాయేమో. లోపలికి పిలుద్దామని దగ్గరికి వెళితే గబగబా వెనక్కి జరిగింది. నా మొహం మాడిపోయింది. అది చూసి ఆమే నొచ్చుకుంది.

"తప్పుగా అనుకోవద్దక్కా. నాకు ఊపిరితిత్తులు మార్చినారు. సచ్చిపోయినోళ్లెవరివో. ఎవరికి జలుబున్నా నాకు అంటుకుంటాది."

ఇప్పుడు బాగున్నావా అని అడిగాను. ఆమె తల వంచుకుంది.

"మా చెల్లెలికి బిడ్డ పుట్టింది. డాక్టర్లు వద్దని చెప్పినా ఆగలేక ఎత్తుకుంటి. మాస్కు తీసి ముద్దు పెట్టుకుంటి. బిడ్డకు జలుబు ఉన్నింది. ఆ వైరస్ నాకు తగులుకునింది. జలుబు తగ్గినా, ఒళ్లు ఈ ఊపిరితిత్తులను పరాయివని తోసేస్తాండాది. మందులు పెంచినారు. నిలుస్తాయో లేదో చెప్పలేమంటాండారు." కాసేపు ఆయాసపడి మళ్లీ అంది. "ఎవరో తల్లి ఏడ్చుకుంటా ఇచ్చింటాది. జాగ్రత్తగా పెట్టుకోలేకపోతి. సిగ్గయితాండాదక్కా."

"బిడ్డను ముద్దు పెట్టుకుంటే ఏ తల్లీ తప్పు పట్టదమ్మా," అన్నాను.

కన్నీళ్లకు ఆమె మాస్కు తడిసిపోతే, మా అందరికీ వీపు తిప్పి కొత్తది కట్టుకుంది.

ఇంతలో బస్సు వచ్చింది. ఆమె ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చుని, నేను ఎక్కుతానేమోనని చూసింది. పొద్దుటి నుంచి నా గొంతు గరగరగా ఉన్న సంగతి అప్పుడే గుర్తొచ్చింది. తర్వాతి బస్సుకు వస్తానని చెయ్యి ఊపాను.