బాపు చల్లిన పౌడరు

ఆ రోజుల్లో మా సెంటినరీ కాలనీలో చేతికి గ్రీజు అంటినవాడి గొప్పే వేరు. నేను ఓపెన్‌కాస్టు బొగ్గుగని వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి ఆరు నెలలైనా కాలేదు, ఇంటికొచ్చేటప్పుడు చేతులు కావాలనే సగం కడుక్కునేవాణ్ణి (మిగతా సగం అమ్మ కడిగించేది). డంపర్ల కింద దూరీ దూరీ, ఇక లోకంలో నాకు లొంగని బండి లేదన్న నమ్మకం కుదిరింది. సరిగ్గా అప్పుడే నాన్నకు, మా మాటలో బాపుకు, రిటైర్మెంటు వచ్చింది.

చివరి షిఫ్టు చేసి బయటికొచ్చిన మనిషిని మా దగ్గర దండలు వేసి, డప్పులతో, బండిలో ఇంటిదాకా తీసుకొస్తారు. కొందరికి జీపు, కొందరికి ట్రాలీ ఆటో. సర్వీసంతా సైకిలు మీదే బొగ్గుబాయికి పోయొచ్చిన బాపు, ఎప్పుడూ ఏదీ అడగనివాడు, సిగ్గుపడుతూ ఒక్కమాట అన్నాడు. "కాక తెల్లకారుల వస్తే మంచిగుంటది బిడ్డా." మా పక్క వరసలో ఉండే డ్రైవర్ కాక, ఒకప్పుడు ఆఫీసర్లను ఎక్కించుకుని తాను నడిపిన గుండ్రటి వీపు కారును వేలంలో కొనుక్కున్నాడు. అది ఆగినచోటల్లా నేల మీద అరచేయంత నూనె మరక పడేది. అడిగితే కాక తల అడ్డంగా ఊపాడు. "తొవ్వల ఆయిల్ ఒడిసిందంటే ఇంజన్ పట్టేస్తది. మీ బాపును దండలతోటి నడిపిస్తవా?" నేను ఛాతీ విరిచి, "నాకిడిసిపెట్టు కాక. సోమారానికి సుక్క పడదు," అన్నాను. ఆ సోమవారమే బాపు చివరి డ్యూటీ.

ఆదివారం పొద్దున్నే కారు కింద దూరాను. ఇంజను అడుగున ఉండే ఆయిల్ ఛాంబరు బోల్టుకు చుక్క వేలాడుతోంది. ఇంకేం, రోగం దొరికింది. వర్క్‌షాపులో చేసినట్టే పానాకు ఇనుప గొట్టం తొడిగి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి బోల్టులన్నీ బిగించాను. లోపలి ప్యాకింగు నలిగి పక్కకు ఉబికింది. కాక వంగి చూసి తాపీగా అన్నాడు. "సుక్క పడదంటివి. నిజమే, ఇప్పుడు ధారనే పడుతాంది."

నాకు ఏడుపొక్కటే తక్కువ. అంతలో క్షవరం చేయించుకుని బాపు వచ్చాడు. నా మొహం, నేల మీది మడుగు చూసి, లుంగీ ఎగగట్టి పక్కన కూర్చున్నాడు. "బాయిల నీళ్లు పడ్డకాడనే సందుంటదా బిడ్డా? యాడనో పుట్టి, యాడనో పడుతయి." ఇంజనుకు పట్టిన బొగ్గుదుమ్ము, నూనె పేరుకున్న పొరనంతా కిరోసినుతో కడిగించి తుడిపించాడు. తర్వాత ఇంట్లోకి వెళ్లి, నేను చిటికెడు చిటికెడు వాడుకునే సెంటు పౌడరు డబ్బా తెచ్చి ఇంజను మీద మొత్తం దులిపేశాడు. (బాయి లోపల నిప్పు పాకకుండా గోడలకు తెల్ల రాతిపొడి చల్లుతారు. ఆ తెలుపు మీద తడి ఎక్కడ మొదలైందో చూస్తూనే బాపు సర్వీసు గడిచింది.) కాక ఇంజను స్టార్టు చేయగానే ఫ్యాను గాలికి సగం పౌడరు నా మొహాన పడింది. మిగిలిన తెలుపు మీద కాసేపటికి సన్నటి నల్లగీత దిగింది. పైనున్న రేకుమూత వెనక మూల నుంచి, ఛాంబరు దాకా.

"పోయిన నెల ఆ మూత బిగిచ్చింది నువ్వే గదరా," అన్నాడు కాక. అవును, నేనే, అదే గొట్టంతో. రేకు వంగిపోయింది.

బాపు ఆ మూత విప్పాడు. దాన్ని చెక్క మీద పెట్టి అంచు సాఫు చేశాడు. నూనె వంచేసి, కాక దాచుకున్న కొత్త ప్యాకింగులు రెండూ పైనా కిందా వేశాం. చివరికి బాపు చిన్న పానా నా చేతికిచ్చాడు. "ఇది డంపర్ గాదు బిడ్డా. రెండు వేళ్లతోటి బిగియ్యి."

సోమవారం బంతిపూల కారులో వెనక సీట్లో బాపు, అమ్మ. ముందు సీట్లో నేను. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లతో బాపు, "మా పోరడే బాగుచేసిండు కారును," అన్నాడు. నేను తల ఊపాను. ఊపితే ఊపాను, ఒకరిద్దరికి రోగం ఎలా కనిపెట్టానో వివరించాను కూడా. కారు నడుపుతున్న కాక దగ్గుతూనే ఉన్నాడు. ఇంటి ముందు దిగిన బాపు, హారతి పళ్లెం ఎదురుగా ఉండగానే, మెడలో దండలు వేలాడుతుండగా వంగి కారు కిందికి చూశాడు. నేల పొడిగా ఉంది. లేచి నా భుజం తట్టాడు.

ఇప్పుడు వర్క్‌షాపులో నా సొరుగులో ఎప్పుడూ ఒక పౌడరు డబ్బా ఉంటుంది. సారుకు ఈ వయసులో సోకేమిటని కుర్రాళ్లు నవ్వుకుంటారు. ముందు సీట్లో తల ఊపుతూ కూర్చున్న ఆనాటి ఫిట్టరు గుర్తొచ్చి నేనూ నవ్వుకుంటాను. ఎన్నిసార్లు అసలు సంగతి చెప్పబోయినా బాపు, "ఊకో బిడ్డా," అని ఆపేవాడు. ఆపడానికి ఇప్పుడు బాపు లేడు కాబట్టి చెప్పేస్తున్నాను. ఆ కారును బాగుచేసింది మా బాపు.