మా వదిన ఆడనివ్వని వాళ్లు

మా వదిన పోయిన కబురు నాకు రెండో ఇన్నింగ్స్ మధ్యలో అందింది. మనవాళ్లు గెలవాలంటే ఇంకా చాలా పరుగులు కావాలి, చేతిలో వికెట్లు లేవు, అనంతపురంలో చుట్టాలింట్లో నేను కుర్చీ అంచు మీదికి జరిగి కూర్చున్నాను. ఫోనులో ఊరివాడు "మీ వదిన పాయెనన్నా" అన్నాడు. "ఇప్పుడేందప్పా?" అన్నాను. ఆమె వింటే నొచ్చుకునేది కాదు, స్కోరెంత అని అడిగేది. పాలు పొయ్యి మీద పెట్టి అట్లే పక్కకు ఒరిగిందట. ఆమె ఏ పనీ నాకు వీలైన వేళ చేసిన మనిషి కాదు.

గార్లదిన్నె దగ్గర మా ఊరి రోడ్డు మీద ఆమెకు టీ అంగడి ఉండేది. మా అన్న పెట్టాడు, ఆయన పోయాక ఆమె ఒక్కతే నడిపింది. గోడకు ఒక టీవీ, ముందు రెండు బెంచీలు. మా ఊరికి క్రికెట్ పిచ్చి ఎందుకు పట్టిందో కూడా చెప్పాలి. మా పిల్లలు ఆడేది చెరువులోనే. అది నిండితే ఆట పోతుంది, ఎండితే పంట పోతుంది. ఎండడమే ఎక్కువ కాబట్టి మా నేల శనక్కాయల కన్నా బౌలర్లనే బాగా పండించింది. మా తాత కాలంలో ఆ చెరువులో ఒక బర్రె మునిగి చచ్చిందట. ఈ కాలం పిల్లలకు చెబితే, బర్రె ఎంత పొట్టిదో అని అడుగుతారు. సరే, వదిన దగ్గరికి వస్తాను.

ఒక పేరున్న బ్యాట్స్‌మన్ ఉన్నాడు. పేరెందుకులెండి, ఇంకా ఆడుతున్నాడు. ఒకసారి బంతి బ్యాటుకు తగిలి కీపర్ చేతిలో పడితే, తనకేమీ తెలియనట్టు నిలబడ్డాడు. అంపైరు కనిపెట్టలేదు. రీప్లేలో మేమంతా చూశాం. వదిన చెయ్యి కొంగుకు తుడుచుకుని, రిమోటు తీసి, సీరియల్ పెట్టింది. వాడు ఔటయ్యేదాకా తన టీవీలో ఆడేకి లేదంది. ఆ ఒక్క మ్యాచ్‌కే కదా అనుకున్నాం. కాదు, జీవితకాల నిషేధమట. ఆ మహానుభావుడు సెంచరీ కొట్టిన రోజున మేము, విషం కలిపిన పాలు అత్త తాగుతుందా కోడలు తాగుతుందా అని చూస్తూ కూర్చున్నాం. రోడ్డుకు అవతలి ఎరువుల దుకాణంలో కేకలు లేచినప్పుడల్లా ఫోరో, సిక్సో మేమే ఊహించుకోవాలి. లేచి అక్కడికే పోవచ్చు కదా అంటారు మీరు. అక్కడ కూర్చోవడానికి యూరియా మూటలు తప్ప ఏమీ లేవు. ఆమె టీ కూడా లేదు.

ఇంకొకడు హోటల్లో వెయిటరు మీద చెయ్యెత్తాడని పేపర్లో వచ్చింది. వాడికీ నిషేధమే. మా బెంచీ మీద రోజూ కూర్చునే రిటైరైన బస్సు కండక్టరు ఒకాయన ఉన్నాడు. ఆయన సహించలేక అన్నాడు:

"నీకు ఆటగాడు కావాల్నా, అల్లుడు కావాల్నా తల్లీ?"

"అల్లుడైతే ఎట్లుండేదీ మా ఇంట్లోనే తెలుస్తాదన్నా. వీన్ని చూసి ఊర్లో పిల్లోళ్లందురూ నేర్చుకుంటారు," అని ఆమె గ్లాసులు కడుక్కుంటూ పోయింది.

నడత దగ్గర ఇంత కఠినంగా ఉండే మనిషి, ఆటలో విఫలమైనవాడి చెయ్యి మాత్రం వదిలేది కాదు. ఇది నాకు మరీ కడుపుమంట. సిరీసు తర్వాత సిరీసు సున్నాలు చుట్టేవాణ్ణి తీసెయ్యాలని నేను గొంతు చించుకుంటే, పోయినేడు పండలేదని చేను అమ్ముకుంటామా అనేది. మూడేళ్లుగా పండలేదు వదినా అంటే, మనదీ అంతే గదప్పా అనేది. ఫారం అనేది వాన లాంటిదని, అది మనిషి చేతిలో లేదని, ఔటయ్యాక ఎట్ల నడిచి వస్తాడో అదొక్కటే వాడి చేతిలో ఉందని ఆమె వాదం. "కొట్టేటప్పుడు అందురూ మంచోళ్లేనప్పా" అనేది. నేను నలభై ఏళ్లుగా క్రికెట్ చూస్తున్నవాణ్ణి. కాబట్టి ఇంకా ఎక్కువ అరిచేవాణ్ణి.

ఇక మావాడి సంగతి. మా అన్నకు ఒక్కడే కొడుకు. ఆ ఎండు చెరువులో మా కళ్ల ముందు ఎదిగిన బ్యాట్స్‌మన్. బంతి ఏ నెర్రె మీద పడి ఎటు తిరుగుతుందో వాడికి ముందే తెలిసేది. కొన్నేళ్ల కిందట పామిడి జట్టుతో ఫైనల్ మా చెరువులోనే జరిగింది. జిల్లా జట్టుకు మనుషుల్ని ఏరే పెద్దమనిషి ఒకాయనను, కాళ్లావేళ్లా పడి, అనంతపురం నుంచి నేనే పిలుచుకొచ్చి కట్ట మీద గొడుగు కింద కూర్చోబెట్టాను. మావాడు బ్రహ్మాండంగా ఆడాడు. ఆయన నా వైపు తిరిగి తల ఊపాడు. పని అయిపోయినట్టే అనుకున్నాను.

తర్వాత పామిడివాళ్లు బ్యాటింగుకు దిగారు. వాళ్లలో ఒక్కడు మాత్రం నిలబడి కొడుతున్నాడు. అతను కొట్టిన బంతికి మావాడు ముందుకు దూకి, దుమ్ములో దొర్లి, చెయ్యి పైకెత్తాడు. బంతి చేతిలోనే ఉంది. ఊరంతా అరిచింది. అంపైరుగా నిలబడ్డది మన కండక్టరే. ఆయన వేలెత్తాడు. పామిడి పిల్లోడు తల వంచుకుని నడిచి పోతున్నాడు. అప్పుడు టీ తెచ్చిన వదిన, క్యాను చేత్తో పట్టుకునే చెరువు మధ్యకు నడిచి వచ్చింది.

"నేల తగిలింది. నేను చూసినా."

ఇంకేం చెప్పమంటారు. కండక్టరు ఆ పామిడివాణ్ణి వెనక్కి పిలిచాడు. అతను మమ్మల్ని ఓడించి పోయాడు. కట్ట మీది పెద్దమనిషి గొడుగు మడుస్తూ, "ఆట ఉండాది. మిగతాది ఇంకా రాల్య" అని నాతో అని బస్సెక్కాడు.

ఆ సాయంత్రం అంగడి ముందు మావాడు అందరూ వింటుండగా నిలదీశాడు.

"అందురూ క్యాచ్ అంటే నీ ఒక్కదానికి నేల యాడ కనపడింది?"

"అందురూ బంతిని చూస్తాండ్రి. నేను నీ చేతుల్ని చూస్తాంటి," అంది వదిన.

వాడు ఆ తర్వాత ఆమెతో మాట్లాడలేదు. హిందూపురంలో ఒక మిల్లులో పనికి చేరాడు. పండక్కో జాతరకో వచ్చేవాడు, తినేవాడు, ఇంటికప్పు కారుతుంటే సరిచేసి పోయేవాడు. ఒక్క మాట మాత్రం ఆమెతో ఆడడు. పొయ్యి దగ్గర ఆమె నిలబడి ఉంటే నా వైపు తిరిగి, "చిన్నాయనా, ఒగ టీ అడుగు" అనేవాడు. ఆమె కూడా నాతోనే, "చక్కెర ఎంతో అడుగప్పా" అనేది. వాడికి చక్కెర ఎంతో ఆమెకు తెలియదా? ఇద్దరి మధ్య నేను టెలిఫోను తీగనయ్యాను. ఈ వయసులో నాకిది అవసరమా చెప్పండి.

ఒకరోజు నేను తెగించి, "ఊరికే పొరపాటు పడినానేమోలే అని చెప్పు వదినా, వాడి మనసు కుదుటపడుతుంది" అన్నాను. ఆమె పాలు తిప్పుతూనే అంది:

"వాడు క్షమాపణ అడగక్కర్లేదప్పా. నేల తగిలిందని ఒగసారి అంటే సాలు. నా కొడుకని నమ్మి నేను కండ్లు మూసుకుంటా."

హిందూపురం పోయి వాడికిది చెప్పాను. వాడు నన్ను హోటలుకు తీసుకుపోయి కడుపు నిండా పెట్టి, జిల్లా జట్టులో ఎవరెవరు ఉన్నారో, తానెక్కడ దిగి ఉండేవాడో అంతా చెప్పి, ఆ ఒక్కదానికీ జవాబు చెప్పకుండా బస్సెక్కించాడు. నేను దారంతా ఇద్దర్నీ తిట్టుకుంటూ వచ్చాను. పక్క సీటు మనిషి లేచి వెనక్కి పోయి కూర్చున్నాడు.

ఆమె పోయిన మర్నాడు వాడు తెల్లారేసరికి వచ్చాడు. పామిడి నుంచి ఆనాటి బ్యాట్స్‌మన్ కూడా వచ్చాడు, ఎవరు చెప్పారో తెలియదు. పాడె పట్టడానికి ముందుకొస్తే మావాడు అభ్యంతరం చెప్పకుండా కొంచెం జరిగి చోటిచ్చాడు. ముందు వాళ్లిద్దరూ, వెనక ఊరివాళ్లు. నేను పక్కన నడిచాను. వెనక ఎవరో గొంతు తగ్గించి నిన్నటి మ్యాచ్ ఎవరి వల్ల పోయిందో చర్చిస్తున్నారు. వదిన ఉంటే ఆ మాటకు వెంటనే బదులిచ్చేది.

దింపుడు కల్లం దగ్గర పాడె దించాం. పోయినవాళ్లు లేస్తారేమోనని అక్కడ చెవిలో మూడుసార్లు పిలవడం మీకు తెలిసిందే. కొడుకే పిలవాలి. మావాడు మోకాళ్ల మీద కూర్చుని, ఆమె చెవి దగ్గర వంగాడు. పెదవులు కదిలాయి, గొంతు రాలేదు.

"వినపడల్య. గట్టిగా పిలువప్పా," అన్నాడు కండక్టరు.

రెండోసారి, చిన్నప్పుడు అమ్మను పిలిచినట్టు, "మా" అన్నాడు. ఇన్నేళ్లలో వాడు ఆ మాట అనగా నేను వినలేదు. మూడోసారి పిలుపు కోసం అందరం ఆగాం.

"నేల తగిలింది మా."

దగ్గరున్నవాళ్లందరికీ వినపడింది. కండక్టరు ముఖం అటు తిప్పుకున్నాడు. పామిడి అబ్బాయి తువ్వాలు తీసి కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు. ఇక పాడె ఎత్తండి అని చెప్పాల్సింది నేను, అక్కడ పెద్దవాణ్ణి నేనే. మోసేవాళ్లు వంగబోతే నేను చెయ్యి అడ్డం పెట్టాను.

ఎందుకంటే మావాడు ఇంకా లేవలేదు. తల పక్కకు తిప్పి, తన చెవిని ఆమె నోటి దగ్గర పెట్టి, అట్లే ఉన్నాడు.