గాసి బండి వెనక సీటు

వేగంగా బండి నడపడంలో గొప్పేముంది? ఘాటు రోడ్డు పొడుగునా, లోయలో పడి చెట్లకు వేలాడినవాళ్లంతా వేగంగా నడిపినవాళ్లే. నెమ్మదిగా నడపడమే విద్య. ముంచింగిపుట్టు సంతలో అల్లం బుట్టల మధ్య నుంచి, ఏ బుట్టనూ తాకకుండా, కాలు నేలకు ఆనించకుండా, బేరమాడుతూ నడిచే ముసలమ్మల కంటే మెల్లగా మోటారు సైకిలు నడపడం ఆ చుట్టుపక్కల గాసి ఒక్కడికే చేతనైంది.

గాసిది కొండకు అవతలి ఊరు. తారు రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి కాలిబాట పట్టి, వాగు దాటి సగం పూట నడవాలి. రోడ్డు వేస్తామని పెద్దమనుషులు వచ్చి ఒక శిలాఫలకం పాతి, దండలు వేయించుకుని వెళ్లారు. ఫలకానికి నాచు పట్టింది గానీ రోడ్డు మాత్రం రాలేదు. చిన్నతనంలోనే గాసి ముంచింగిపుట్టులో ధనరాజు మెకానిక్ షెడ్డులో చేరాడు. ధనరాజు మైదానం నుంచి వచ్చినవాడు, నోటి దురుసు ఎక్కువ, మనసు మంచిది. ఏళ్ల తరబడి చాకిరీ చేయించుకుని, చివరికి ఎవరో వదిలేసిన పాత రాజదూత్ బండిని వాడికే ఇచ్చేశాడు.

"దీన్ని పరుగెత్తించేవనుకో, సత్తావు. నడిపించు. సగం క్లచ్చి పట్టుకో, ఎనక బ్రేకు మీద కాలుంచు, సక్రం కేసి సూడకు, దూరంగా సూడు," అన్నాడు.

గాసి ఆ మాట పట్టుకున్నాడు. తొంభైల్లో సంతకు వచ్చినవాళ్లెవరూ గాసి విన్యాసాలు చూడకుండా ఇంటికి పోయేవాళ్లు కాదు. సీటు మీద నిలబడి రెండు చేతులూ చాపి పోయేవాడు. చాప పట్టేంత చోటులో ఎనిమిది అంకె వేసినట్టు తిప్పేవాడు. ఆగస్టు పదిహేనున మండలాఫీసు మైదానంలో స్లో రేసు పెడితే, మిగతావాళ్లంతా గీత దాటి, చెమటలు తుడుచుకుని, టీ తాగి వచ్చేసరికి గాసి ఇంకా సగం దారిలోనే ఉండేవాడు. అందులో ఎవరు ఆఖరున వస్తే వాళ్లదే గెలుపు.

నీలవేణి ఆ సంతలో పిప్పళ్లు అమ్ముకునేది. ఒకరోజు గాసి బండి తన బుట్టను ఒరుసుకున్నంత దగ్గరగా పోతే, చేయి అడ్డం పెట్టి ఆపేసింది.

"ఒట్టి బండి ఎవుడైనా తోలతాడు. ఎనకాల మనిసిని కూకోబెట్టుకుని తోలు, సూద్దాం," అంది.

"నువ్వు కూకుంటావేటి?" అన్నాడు గాసి.

కూర్చుంది. ఒళ్లో అంచుదాకా జీలుగు కల్లు నింపిన కుండ పెట్టుకుని మరీ కూర్చుంది. సంతంతా ఒక చుట్టు తిరిగి వచ్చారు. కుండలోంచి ఒక్క చుక్క ఒలకలేదు. జనం ఈలలు వేశారు. ఆ ఏడు పంట కోతలయ్యాక ఇద్దరికీ పెళ్లయి, గాసి ఊళ్లో కాపురం పెట్టారు. ఆ తర్వాత వెనక సీటు నీలవేణిదే. సంతకైనా, పుట్టింటికైనా, అడవికైనా చెంప గాసి వీపుకు ఆనించి కూర్చునేది. గాసికి జీవితంలో అంతకంటే కావలసింది ఏమీ లేకపోయింది.

దాన్ని పాడుచేసింది ఒక శవం.

తర్వాత ఒక ఏడు వానల్లో జ్వరాలు కొండలను ఊడ్చేశాయి. గాసి ఊరివాడొకడు ఆస్పత్రిలో పోతే, జీపువాడు శవాన్ని తారు రోడ్డు చివర దించేసి వెళ్లిపోయాడు. కాలిబాట పట్టి ఇంటికని బయలుదేరిన శవాన్ని దారిలో నేల మీద దింపకూడదని ఆ ఊరివాళ్ల పట్టింపు. దింపితే పోయినవాడి దుమా, అంటే ఆత్మ, అక్కడే చిక్కుకుని ఏడుస్తూ ఉండిపోతుందట. డోలీ కట్టి మోద్దామంటే ఊళ్లో సగం మంది మగాళ్లు జ్వరంతో పడి ఉన్నారు. మోసే నలుగురూ దారిలో ఎక్కడో ఒకచోట దింపక తప్పదు. ఊరి పెద్ద వచ్చి గాసి చేతులు పట్టుకున్నాడు.

గాసి శవాన్ని తన వెనక కూర్చోబెట్టించుకుని, పంచెతో నడుముకు కట్టించుకున్నాడు. దాని వెనక చచ్చినవాడి తమ్ముడు పట్టుకుని కూర్చున్నాడు. రాళ్లూ, బురదా, వాగు మీద ఇద్దరు పక్కపక్కన నడవలేని వంతెనా అన్నీ దాటించి, ఎక్కడా బండి ఆపకుండా, కాలు ఆనించకుండా ఇంటి గుమ్మంలో దించాడు. ఊరంతా గాసికి దండం పెట్టింది.

దండం పెట్టినవాళ్లే మర్నాటి నుంచి దూరం జరిగారు. ఏ ఊళ్లో చావు జరిగినా గాసికే కబురు వచ్చేది. కాదనడం అతనికి చేతకాలేదు. ఒక తల్లి ఏడుస్తూ గుమ్మం ముందు నిలబడితే ఎవడు కాదంటాడు? అలా రానురాను అది చావుబండి అయింది. మెల్లగా వచ్చే ఆ ఇంజను చప్పుడు వినబడితే పిల్లలను లోపలికి లాక్కునేవాళ్లు. సంతలో విన్యాసాలు మొదలుపెడితే జనం తలలు తిప్పుకునేవాళ్లు. స్లో రేసులో అతని పక్కన బండి పెట్టడానికి కుర్రాళ్లు జంకారు. ఒక ఆగస్టులో గాసి మైదానం దాకా వెళ్లి, పేరు ఇవ్వకుండానే తిరిగి వచ్చేశాడు.

ఇవన్నీ భరించాడు. నీలవేణికి మొదటి కడుపు నిలవలేదు. ఆమె తల్లి పైడితల్లి, కూతురి కోసమని వచ్చి వాళ్లింట్లోనే ఉండిపోయిన మనిషి, తప్పు బండి మీదకు తోసింది. "సచ్చినోళ్లు కూకున్న సీటు మీద కడుపుతో ఉన్న గుంట కూకుంటే నిలుత్తాదా?" అంది. నీలవేణి బండెక్కడం మానేసింది.

గాసి సీటు మార్చాడు. పసుపునీళ్లతో కడిగాడు. మంత్రాలేసే గురుమాయిని పిలిచి కోడిని కోయించాడు. అయినా ఎక్కలేదు.

"నీ మీద కోపం నేదు మావా. నాకు బయం," అంది.

అప్పుడు గాసి ఒక పని మొదలుపెట్టాడు. చూసినవాళ్లు నవ్వుకున్నారు గానీ, నవ్వాల్సిన పని కాదది. నీలవేణి సంతకు నడిచి వెళితే, పక్కనే ఆమె అడుగుకు అడుగుగా బండి నడిపేవాడు. ఆమె ముల్లు తీసుకోవడానికి ఆగితే అతను ఉన్నచోటే చిన్న చుట్టు తిప్పేవాడు. ఆమె బుట్ట ఖాళీ సీటు మీద ఉండేది. దారి పొడుగునా ఇద్దరూ కబుర్లు చెప్పుకునేవాళ్లు. మనిషి నడకకు సరిపోయేలా బండి నడపడం లోకంలో అన్నిటికంటే కష్టమని ధనరాజు చెప్పేవాడు. గాసి దాన్ని ఏళ్ల తరబడి పెళ్లాం కోసం చేశాడు.

రెండువేల అయిదు వానల్లో నీలవేణి మళ్లీ కడుపుతో ఉంది. నెలలు నిండుతుండగా జ్వరం పట్టుకుంది. వణుకు, తర్వాత మాట తడబాటు. ఊళ్లు తిరిగే నర్సు తెరిసమ్మ పొద్దున్నే వచ్చి రక్తం చూసి గాసిని బయటకు పిలిచింది.

"ఇది తలకెక్కే మలేరియా. మధ్యాహ్నంలోపు ఆస్పత్రిలో ఉండాలి. నీ బండి ఉందిగా, బేగి కూర్చోబెట్టుకు వెళ్లు. నేను వెనక పట్టుకుంటాను," అంది.

గాసి బండి గుమ్మంలోకి తెచ్చాడు. ఇంజను చప్పుడు వినగానే నీలవేణి కళ్లు తెరిచి మంచం కోడు పట్టుకుంది.

"నానెక్కను. ఎక్కితే నాను తిరిగి రాను."

"నీలా, నేనున్నాను కదే. కాలు కూడా ఆనించను."

"అందుకే బయం మావా. నువ్వలా తోలేది సచ్చినోళ్లనే కదా."

పైడితల్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "దాన్ని ఎక్కించావంటే నన్ను తొక్కించి ఎల్లు," అంది. తెరిసమ్మ కోప్పడింది, బతిమాలింది. గాసి నీలవేణిని రెండు చేతుల్తో ఎత్తి కూర్చోబెట్టి కట్టేసుకోగలడు. ఎందరినో కట్టుకున్నాడు. కానీ వాళ్లెవరూ వద్దనలేదు. నీలవేణి వద్దంటోంది. ఆమెను ఎత్తడానికి గాసి చేతులు లేవలేదు.

డోలీ కట్టారు. మోసేవాళ్లను పొలాల నుంచి పిలిపించేసరికే చాలా పొద్దెక్కింది. డోలీ పక్కనే గాసి బండి మీద బయలుదేరాడు. దారిలో ఎక్కడైనా మనసు మార్చుకుంటుందేమోనని ఆశ. బురదలో మోసేవాళ్లు జారుతున్నారు, భుజాలు మార్చుకుంటున్నారు, ఆగుతున్నారు. ప్రతిసారీ గాసి వంగి, "నీలా, ఇప్పుడెక్కుతావా?" అని అడిగాడు. మొదట తల అడ్డంగా ఊపింది. వాగు దాటాక ఊపలేదు. సరేనందేమోనని గాసి బండి ఆపి దగ్గరకు పోయి చూశాడు. ఆమెకు వినబడటం లేదు.

రోడ్డు చేరి, జీపు దొరికి, ఆస్పత్రికి వెళ్లేసరికి సాయంత్రమైంది. డాక్టరు నాడి చూసి, కడుపు మీద గొట్టం పెట్టి విని, దుప్పటి ఆమె ముఖం మీదకు లాగాడు. "పొద్దున తెచ్చి ఉంటే ఇద్దరూ దక్కేవాళ్లు," అన్నాడు. చెప్పకుండా ఉండాల్సింది. నిజమే అయినా, చెప్పకుండా ఉండాల్సింది.

మర్నాడు పొద్దున జీపు వాళ్లను తారు రోడ్డు చివర దించింది. పైడితల్లి అక్కడే ఎదురుచూస్తోంది. మోసేవాళ్లు డోలీ కర్ర భుజాన వేసుకోబోతుంటే, ఆ ముసలిది వాళ్లను ఆపి గాసి దగ్గరకు వచ్చింది.

"బాబూ, దాన్ని డోలీలో ఒద్దు. ఈళ్లు దారిలో దింపేత్తారు. నా గుంట దుమా దారిలో ఏడుత్తాది. నీ బండి మీద తీసుకురా," అంది.

గాసి ఆమెను తిట్టలేదు. తిట్టడానికి లోపల ఏమీ మిగల్లేదు. పక్కకు పెట్టి ఉన్న బండిని తెచ్చాడు. నీలవేణిని వెనక కూర్చోబెట్టి ఆమె చీరతోనే నడుముకు కట్టారు. వెనక పైడితల్లి కూర్చుని కూతురిని పట్టుకుంది. నీలవేణి చెంప మళ్లీ గాసి వీపుకు ఆనింది, చల్లగా. ఎక్కడా ఆపకుండా ఇంటికి చేర్చాడు. కట్టు విప్పబోతే వద్దన్నాడు. ఊరు చుట్టూ చేరి చూస్తుండగా, వాకిట్లో బండి మీద అలాగే చాలాసేపు కూర్చుని ఏడ్చాడు.

దినాలయ్యాక గాసి ఊరూరా తిరిగాడు. ఇంటింటి ముందూ నిలబడి, "జ్వరమొచ్చినా, నొప్పులొచ్చినా నాకు కబురెట్టండి. బతికున్నోళ్లను ఎక్కించుకుంటాను. దండమెడతాను, ముందే పిలవండి," అని చెప్పాడు. అందరూ విన్నారు. పాపం అన్నారు. కొందరు ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు.

ఎవరూ పిలవలేదు. కబుర్లు వచ్చాయి, అన్నీ చావులకే. వచ్చిన ప్రతిసారీ గాసి బండి తీసుకుని వెళ్లాడు. శవాన్ని నడుముకు కట్టించుకుని, బయలుదేరే ముందు ఆ ఇంటివాళ్లతో ప్రతిచోటా ఒకే మాట అనేవాడు.

"నిన్న పిలిసుంటే ఊపిరితోనే ఎక్కించుకునేవోణ్ని కదా."