మునేటిలో చెలమ

నందిగామ నుంచి మా ఊరికి ఆటో నడిపే బాబాయ్ ఇప్పుడు ఏటి దారిన రావడం లేదు. పాసింజర్లు ఎంత తొందరపెట్టినా చుట్టూ తిప్పే తీసుకొస్తాడు.

మా ఊరి మంచినీళ్ల బోరు మునేటిలోనే ఉండేది. దాని చుట్టుపక్కలకి ఇసుక ట్రాక్టర్లు వస్తే ఈయన జెండా పట్టేవాడు కాదు, అరిచేవాడు కాదు. ట్రాక్టరు ముందే చతికిలబడి, చేతుల్తో ఇసుక తోడి చెలమ తీసేవాడు. తేటనీరు ఊరగానే దోసిలితో డ్రైవరుకి అందించేవాడు.

"ముందు తాగు నాయనా. తాగినాక కూడా తవ్వబుద్ధయితే తవ్వుకో."

ఆ నీళ్లు తాగి ఇసుక ఎత్తడానికి చాలామందికి మొహం చెల్లేది కాదు. కొందరు మాత్రం తాగకుండానే తవ్వుకుపోయేవారు.

"బాబాయ్, ఈ మర్యాదలో సగం పిన్నికి చేస్తే వేళకి కూడన్నా పెట్టేది కదా!" అనేవాణ్ణి.

"మీ పిన్ని అలిగితే నేనొక్కణ్ణే పస్తురా. ఏరు అలిగితే ఊరంతా పస్తే" అని నవ్వేవాడు.

మొన్న ఎండాకాలం వత్సవాయి వైపు నుంచి ఒక ట్రాక్టరు వచ్చింది. బాబాయ్ ఎప్పటిలాగే కూర్చుని తోడాడు. మోచేతి లోతు దిగినా తడి తగల్లేదు. డ్రైవరు కాసేపు చూసి, ఇంజను ఆపి, పార తీసుకుని తనూ దిగాడు. ఇద్దరూ కలిసి తవ్వారు. ఇసుక అయిపోయి ఎండిన నల్లమన్ను బయటపడింది.

"లే బాబాయ్. ఇక్కడ నీకు నీళ్లూ లేవు, నాకు ఇసకా లేదు" అన్నాడు డ్రైవరు.

ట్రాక్టరు ఖాళీగా వెనక్కి తిరిగింది. అన్నేళ్లూ బాబాయ్ కోరుకున్నది అదే. అది గట్టెక్కేదాకా చూసి, ఏటి మధ్యలో కూలబడి ఏడ్చాడు.