మొదటిసారి చూసినట్టు

మార్గో తిబొడో దేశమంతా పేరు తెలిసిన విశ్వవిద్యాలయంలో మే నెలలో పట్టా తీసుకుంది. ఆగస్టు నడిమికి రెండువందల పది దరఖాస్తులు పెట్టింది. బోస్టన్‌లో అద్దె ఇళ్లు చాలావరకు ఒకే రోజు చేతులు మారతాయి, సెప్టెంబరు ఒకటిన. ఆలోగా ఉద్యోగం దొరక్కపోతే ఆమె గదిలోకి వేరొకరు దిగుతారు, తను ఊరొదిలి లూయిస్టన్‌లో అమ్మ ఇంటికి వెళ్లిపోవాలి. ఒక చోట కూర్చోలేక లాప్‌టాప్ చేత్తో పట్టుకుని గదిలో తిరుగుతూ మెయిల్ చూసుకునేదట.

గదిలో తోడున్న ఈడిత్ ఆమెకు ఇంటర్వ్యూ నేర్పింది.

"ఏమే, ప్రశ్న చూడగానే చెప్పేస్తే బట్టీ పట్టావని తెలిసిపోతుంది. కాస్త తల గోక్కో."

"ఎంతసేపు?"

"ఇరవై సెకన్లు. తర్వాత 'ఊఁ' అను."

గడియారం పెట్టుకుని సాధన చేశారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

ఇరవయ్యారున ఆమె ఇంటర్వ్యూకి మా ఆఫీసుకు వచ్చింది. మేం పదకొండు మందిమి, బేకరీ ఓవెన్లు నడిపే సాఫ్ట్‌వేర్ రాస్తాం. నేను కాలేజీ మెట్లెక్కలేదు. ఓవెన్లు బాగుచేస్తూ ప్రోగ్రాములు నేర్చుకున్నవాణ్ణి. యజమాని గ్రేడీ ఇచ్చిన ప్రశ్నల జాబితాలోంచి ఒక ప్రోగ్రాము లెక్క అడిగాను. ఆమె తల గోక్కుంది. "ఊఁ" అంది. ఆపైన బోర్డు మీద ఆగకుండా రాసింది. లెక్కకు అంకెలేవీ ఇవ్వకపోతే ప్రోగ్రాము ఏం చెయ్యాలో మొదటి వరుసలోనే రాసేసింది. ఒకసారి దెబ్బతినకుండా అది గుర్తొచ్చినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

"ఇది ముందే చూశావా?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "చూశానండీ. నాలుగుసార్లు."

"మరి ఆ తల గోక్కోవడం?"

"అదీ ప్రాక్టీసేనండీ. ఇరవై సెకన్లు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

అప్పుడు ఒక కాగితం ముందు పెట్టాను. ఒక బేకరీలో కాల్చిన ట్రేలకంటే మా లెక్క ఎక్కువ చూపిస్తోంది. ఓవెన్ తలుపు మూసుకున్న ప్రతిసారీ ఒక ట్రే అని లెక్క; మూసుకున్న వేళలన్నీ ఆ కాగితంలో ఉన్నాయి. వారం రోజులుగా మాకు అంతుపట్టలేదు.

"దీనికి జవాబు నాకూ తెలియదు" అన్నాను.

గంటసేపు కాలు ఊపుతూ చూసింది. ఏమీ తేలలేదు. "కాగితం తీసుకెళ్లనా?" అని అడిగి వెళ్లింది.

"నటించింది గురూ. వద్దు" అన్నాడు గ్రేడీ.

ఆమె తన వీధిలోని బేకరీలో ఒక బన్ను కొని, రోజూ అక్కడే నిలబడిపోయేదట.

"అమ్మాయ్, నీకు బన్ను కావాలా, నా ఓవెన్ కావాలా?" అందట ఆ బేకరీ ఆవిడ.

"ఓవెన్ తలుపండీ."

అక్కడ ఆమె కనిపెట్టింది ఇదీ: హడావుడిలో తలుపు గట్టిగా తోస్తే, కొట్టుకుని వేలెడంత వెనక్కొచ్చి మళ్లీ మూసుకుంటుంది. మా కాగితంలో దొంగ లెక్కలన్నీ రద్దీ వేళల్లోవే, ఒక్కోటి అసలు లెక్క పడిన అరసెకనుకే. ఆ తలుపులు ఏళ్ల తరబడి బిగించినవాణ్ణి, నాకది చప్పుడుగానే వినిపించింది.

ముప్పయ్యొకటిన ఆమె నుంచి నాలుగు వరుసల మెయిల్ వచ్చింది. చివరి వరుస: "ఇది నేను ముందు చూసింది కాదు."

మా దగ్గరున్న ఓవెన్ తలుపు గట్టిగా తోశాను. లెక్క రెండు పెరిగింది.

"ఇంకోసారి కొట్టు" అన్నాడు గ్రేడీ. మళ్లీ రెండు. అతను నా వైపు తిరిగి, "నువ్వే ఫోన్ చెయ్యి" అన్నాడు.

ఆ సాయంత్రం ఆమె ఫోన్ తియ్యలేదు. మర్నాడు, ఒకటో తారీఖు పొద్దున తీసింది. వీధంతా హారన్లు. వాళ్లన్న రెమీ ఆమె సామాను కోసం లూయిస్టన్ నుంచి ట్రక్కు తెచ్చాడు.

"ఒసేయ్, వెనక బండ్లు ఆగిపోయాయి, ఎక్కు!"

"ఎల్లుండి నుంచి పనిలోకి రాగలవా?" అన్నాను.

అవతల మాట లేదు.

"ఇరవై సెకన్లు లెక్కపెట్టకు" అన్నాను.

"వస్తానండీ!" ఆమె గొంతు ఫోన్‌కు దూరం జరిగింది. "రెమీ, మంచం దించు."

"ఎక్కడికే? గది పోయిందిగా!"

"తెలీదు. ముందు దించు."